ఇనుము ఎటు పోయిందని అడగండి: మొదట మా నాడి పట్టే డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్లకు నమస్కారం.

నా ముందు బల్ల మీద అయిదు కాగితాలున్నాయి. అయిదూ మా అమ్మ రక్తపరీక్ష నివేదికలే. పదిహేడు నెలల కాలంలో, వేర్వేరు సందర్భాల్లో, మూడు వేర్వేరు ల్యాబుల్లో చేయించినవి. ఏ కాగితానికా కాగితం విడిగా చూస్తే ఏదీ అంతగా భయపెట్టదు. తేదీల వరసలో పేర్చి, హిమోగ్లోబిన్ అంకె మీదుగా వేలు జరుపుకుంటూ వెళితే మాత్రం ఇలా కనబడుతుంది: 12.4, 11.6, 10.1, 11.0, 8.3. దానికి నాలుగైదు వరసల కింద ఎంసీవీ అని ఉంటుంది. అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. ఇనుము తగ్గేకొద్దీ కణం చిన్నదవుతుంది. అక్కడి అంకెలు 87, 82, 75, 77, 69. ఈ రెండో వరసను అప్పట్లో ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

నేను పద్దెనిమిదేళ్ళుగా లెక్కల తనిఖీ చేసి బతుకుతున్నదాన్ని. అంకెలు ఒకే దిక్కుకు జారిపోతుంటే పసిగట్టడమే నా వృత్తి. ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో పసిగట్టి, సొంత ఇంట్లో పసిగట్టలేకపోయాను. అందుకని మిమ్మల్ని నిలదీసే హక్కు నాకు సగమే ఉందనుకుంటున్నాను. ఆ సగాన్ని ఈ ఉత్తరంలో పూర్తిగా వాడుకుంటాను.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. అమ్మకు అరవై నాలుగేళ్ళు. రక్తపోటుకు మందులు వాడుతుంది కాబట్టి ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించడం అలవాటు. మొదటి కాగితం అలా వచ్చిందే. రెండోసారి "కొంచెం రక్తం తగ్గింది, వయసు కదా" అన్నారు. మూడోసారి ఐరన్ మాత్రలు రాశారు. నాలుగో కాగితంలో అంకె 11కు పెరిగింది. అందరం సంతోషించాం. "రక్తం పట్టింది, ఇక చాలు" అని మాత్రలు ఆపేశాం. ఆ తర్వాతి నెలల్లో అమ్మ మెట్లెక్కుతూ సగంలో ఆగడం మొదలైంది. ఆయాసం వస్తోందని చెప్పేది కాదు. ఫోను చేతిలోకి తీసుకుని, ఏదో చూస్తున్నట్టు నిలబడేది. ఆమెకు ఇన్ని ఫోన్లు ఎవరు చేస్తున్నారా అని నేను నవ్వుకునేదాన్ని. అయిదో కాగితం వచ్చిన రోజున ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో గడ్డ కనబడింది. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, పొత్తికడుపు కుడివైపున. పేగులో ఆ భాగం తీసేశారు. దాంతోపాటు తీసిన లింఫు గ్రంథుల్లో మూడింటికి అప్పటికే క్యాన్సర్ పాకింది. ఆరు నెలలు కీమోథెరపీ చేయించుకుంది. అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది, బాగానే ఉంది. కీమో మందు వల్ల వేళ్ళ కొసల్లో మాత్రం స్పర్శ పోయింది. సూదిలో దారం ఎక్కించలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు.

ఇక నా వృత్తి భాషలోకి వస్తాను. ఒంట్లో ఇనుముకు ఉన్నంత చక్కటి జమాఖర్చు ఇంకే పదార్థానికీ లేదని చదివాక తెలిసింది. పెద్దవాళ్ళ శరీరంలో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు. రోజూ ఆహారం నుంచి పేగు పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. రాలిపోయే కణాలతో పాటు బయటకు పోయేదీ అంతే. పాత రక్తకణాలు చచ్చిపోయినా వాటిలోని ఇనుమును శరీరం వదిలిపెట్టదు, కొత్త కణాలకు మళ్ళీ వాడుకుంటుంది. ఎక్కువైన ఇనుమును బయటకు నెట్టే ఏర్పాటు కూడా ఒంట్లో లేదు. ఇంత పిసినారి ఖజానా ఖాళీ అయిందంటే దానంతటదే కాదు. రాబడైనా ఆగి ఉండాలి, ఎక్కడో కారైనా పోతుండాలి. అమ్మ తిండిలో మార్పేమీ లేదు.

ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. పేగులోని పుండు నుంచి రోజుకు పది మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాల రక్తం కారుతోందనుకోండి. అయిదు మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. వచ్చేది ఒకటి రెండు, పోయేది అయిదు. శరీరం తంటాలు పడి పీల్చుకునే పాళ్ళు కాస్త పెంచుకుంటుంది, అయినా లోటు పూడదు. నిల్వలు కొన్ని నెలల్లో అడుగంటుతాయి. ఆ రెండు చెంచాలు మలంలో కలిసిపోతే మనిషి కంటికి ఆనవు. పైనున్న జీర్ణాశయం నుంచి కారే రక్తానికి మలం నల్లబడాలన్నా యాభై మిల్లీలీటర్లు, అంతకు మించి పోవాలి. కాబట్టి "మలంలో రక్తం పడుతోందా?" అని మీరు అడగడం మంచిదే. "లేదు" అని అమ్మ చెప్పిన జవాబూ నిజమే. ఆ జవాబుతో తేలిపోయిందని అనుకోవడమే పొరపాటు.

కుడివైపు పేగు గురించి ఇంకో మాట. అక్కడ పేగు వెడల్పుగా ఉంటుంది, లోపలి పదార్థం ఇంకా పలచగానే ఉంటుంది. గడ్డ పెరిగినా చాలామందిలో చాలాకాలం దారి మూసుకుపోదు, నొప్పి రాదు, విరేచనం తీరు మారదు. ఎడమవైపు గడ్డయితే మలం వెళ్ళడంలో తేడానో, ఎర్రటి రక్తమో ఏదో ఒకటి తరచుగా ముందే చెబుతుంది. కుడివైపు గడ్డ చాలామందిలో ఒక్క మాటే మాట్లాడుతుంది, అది రక్తపరీక్ష కాగితం మీద. ఆ మాట వినవలసిన మొదటి మనిషి పెద్ద ఆసుపత్రిలోని సర్జన్ కాదు, మీరే.

మా శాఖలో ఒక ఆఫీసులో నగదు పెట్టె రోజూ కొంచెం కొంచెం తరిగిపోతోందనుకోండి. తనిఖీకి వెళ్ళిన మనిషి బయటి నుంచి డబ్బు తెచ్చి పెట్టెలో వేసి, "నిల్వ సరిపోయింది" అని సంతకం పెట్టి వచ్చేస్తే ఏమంటారు? ఎటు పోయిందో వెతకకుండా ఐరన్ మాత్ర ఒక్కటే రాసి పంపడం దీనికి భిన్నం కాదు. మాత్ర రాయవద్దని అనడం లేదు. రాయాలి. రోగికి అది ఆ రోజే అవసరం. కానీ చీటీ మీద ఆ మాత్ర కింద ఒక ప్రశ్న కూడా ఉండాలి: ఇనుము ఎటు పోయింది?

అయిదు కాగితాల్లో నాకు ఎక్కువ కోపం తెప్పించేది చివరిది కాదు, నాలుగోది. ఆ 11.0. మాత్రకు హిమోగ్లోబిన్ పెరిగిందంటే, తగ్గింది ఇనుమేనని రుజువైంది. అంతకు మించి ఏదీ తేలలేదు. గడ్డ నుంచి రక్తం కారుతూనే ఉన్నా, పైనుంచి అంతకంటే ఎక్కువ పోస్తుంటే అంకె పెరుగుతుంది. "మందుకు గుణం కనబడింది కాబట్టి పెద్ద జబ్బేమీ లేదు" అనే భరోసా ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలియదు గానీ, రోగులమూ డాక్టర్లూ కలిసి దాన్ని గట్టిగా పట్టుకున్నాం. అసలు ఆ రోజే మా అందరికీ అనుమానం రావలసింది. ఇనుము లోపమని ఖాయమైన రోజది.

ఈ మాత్రలు చేసే ఇంకో పని మీకు బాగా తెలుసు, మాకు తెలియదు. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా మారుస్తాయి. కొందరికి మలబద్ధకం తెస్తాయి. అంటే పేగులో జబ్బుందని అనుమానించేలా చేసే రెండు లక్షణాలను మాత్రే తన ఖాతాలో రాసేసుకుంటుంది. అమ్మకు మూడో నెలలో విరేచనం బిగపట్టింది. "మాత్రల వల్లే" అన్నారు. నిజంగా మాత్రల వల్లే కావచ్చు. ఇప్పుడు ఎవరు మాత్రం చెప్పగలరు? మాత్ర మొదలుపెట్టక ముందు పేగు అలవాట్లు ఎలా ఉన్నాయో ఒక్క వాక్యం రాసిపెట్టి ఉంటే, తర్వాత పోల్చుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.

ఇక "ఆడవాళ్ళకు ఇది మామూలే" అన్న మాట దగ్గరకు వద్దాం. ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సుమారు 30 శాతానికి రక్తహీనత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోజుకు పదిమందిలో చూసే తేడా డాక్టరు కంటికి తేడాగా ఆనకపోవడం మానవ సహజం, అర్థం చేసుకోగలను. కానీ ఆ లెక్క నెలసరి వచ్చే వయసుది. అమ్మకు నెలసరి ఆగిపోయి పదమూడేళ్ళు. మూసేసిన ఖాతా పేరు మీద పదమూడేళ్ళ తర్వాత కూడా ఖర్చు రాస్తారా? నెలసరి ఆగిన స్త్రీలో, ఏ వయసు పురుషుడిలోనైనా, ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనత మామూలు విషయం కాదు. అలాంటివాళ్ళను పరీక్షిస్తే దాదాపు మూడోవంతు మందిలో ఏదో ఒక కారణం బయటపడుతుంది, ఎక్కువగా జీర్ణకోశంలోనే. దాదాపు పదిమందిలో ఒకరికి అది జీర్ణకోశ క్యాన్సర్.

పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ కాదన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. ఆ సంగతి దాచి రోగులను హడలగొట్టమని నేను కోరడం లేదు. జీర్ణాశయంలో పుండు కావచ్చు, గోధుమ లాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కావచ్చు, నొప్పి మాత్రల ప్రభావం కావచ్చు. ఏదైనా కారణమే, కనిపెట్టదగినదే. పదింట ఒకటి అంటే చిన్న పాలు కూడా కాదు. నా వృత్తిలో పది పద్దుల్లో ఒకటి తప్పుడుదని తెలిస్తే పదీ విప్పి చూస్తాం.

ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న పురుషులకు, నెలసరి ఆగిన స్త్రీలకు మాత్రలతో సరిపెట్టకుండా పైనుంచీ కిందినుంచీ రెండు వైపులా ఎండోస్కోపీ చేయమని ఉంది. రక్తహీనత ఉన్నవారిలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష అంకె, 45 కంటే తక్కువుంటే ఇనుము లోపంగానే లెక్కించమనీ వాళ్ళే చెప్పారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2023లో, ఇనుము లోపపు రక్తహీనత ఉన్న పెద్దవాళ్ళకు ప్రాథమిక వైద్యుల దగ్గరే ఫిట్ పరీక్ష చేసి, దాన్నిబట్టి పెద్ద డాక్టరు దగ్గరకు పంపే పద్ధతిని సిఫారసు చేసింది. కొద్దిపాటి మలంలో మనిషి హిమోగ్లోబిన్ ఉందేమో చూసే పరీక్ష అది. గ్రాము మలంలో పది మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే వెంటనే పంపాలి. రోగి ఇంట్లోనే చిన్న గొట్టంలో నమూనా తీసి ఇవ్వవచ్చు, ముందురోజు నుంచి పథ్యం అక్కర్లేదు.

కాబట్టి నేను కోరేది పెద్ద యంత్రాలూ కాదు, ప్రతి నీరసానికీ కొలనోస్కోపీ కూడా కాదు. హిమోగ్లోబిన్ మగవారిలో 13 కంటే, ఆడవారిలో 12 కంటే తగ్గినప్పుడు మాత్ర మొదలుపెట్టక ముందే ఫెరిటిన్ చూడండి. మొదలుపెట్టాక చూస్తే ఆ అంకెను నమ్మలేం. ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ దొంగ ధైర్యం చెబుతుందన్నది నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటప్పుడు రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ఎంత శాతం నిండిందో కూడా చూడండి. ఇనుము లోపమని తేలితే ఫిట్ చేయించండి, లేదా నేరుగా జీర్ణకోశ వైద్యుడికి పంపండి. ఫిట్‌లో ఏమీ రాకపోతే ఆ కాగితాన్ని క్షమాభిక్ష పత్రంలా చూడకండి. గడ్డలు రోజూ ఒకేలా రక్తం కార్చవు. అంకె మళ్ళీ జారితే మళ్ళీ వెతకాలి. మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ రాసివ్వండి. "తగ్గకపోతే రండి" అంటే మా అమ్మలాంటివాళ్ళు రారు, మెట్ల మధ్యలో ఫోను చూస్తూ నిలబడతారు.

మొలలున్నాయి కాబట్టి రక్తం అందుకే పోతోందనీ, ఆస్పిరిన్ వాడుతున్నారు కాబట్టి అందుకేననీ అక్కడితో వదిలేయకండి. రక్తం పలచబడే మందు అప్పటికే ఉన్న పుండును బయటపెడుతూ ఉండవచ్చు. జీర్ణాశయంలో చిన్న పుండు కనబడినా కింది పేగు చూడడం మానకండి, ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

వయసు తక్కువని కూడా ధీమా పనికిరాదు. యాభై ఏళ్ళలోపు వాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ చాలా దేశాల్లో పెరుగుతోంది. 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం, చిన్నవయసు రోగులకు జబ్బు నిర్ధారణ కాక ముందు రెండేళ్ళలో ఎక్కువగా కనబడిన నాలుగు గుర్తులను ఎత్తిచూపింది. కడుపునొప్పి, మలంలో రక్తం, విరేచనాలు, నాలుగోది ఇనుము లోపపు రక్తహీనత. ముప్ఫై అయిదేళ్ళ మనిషికి నెలసరి ఎక్కువైతే కారణం అదే కావచ్చు. కానీ ఎంత ఎక్కువో అడిగారా? అడగకుండానే రాసేశారా?

ల్యాబుల వాళ్ళకూ ఒక మాట. మీ కాగితం మీద ఈసారి అంకె, సాధారణ అవధి తప్ప ఇంకేమీ ఉండవు. పక్కన గతసారి అంకె వేయడానికి పట్టేది వేలెడంత చోటు. 14 ఉండే మనిషికి 12.5 వచ్చినా అది అవధిలోనే కనబడుతుంది. ఆ మనిషికి అది పడిపోవడమే.

ఆలస్యం ఖరీదు ఎంతో కూడా చెప్పి ఆపుతాను. 2022లో ప్రపంచమంతా కలిపి సుమారు 19 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, దాదాపు 9 లక్షల మంది చనిపోయారు. పేగు గోడ దాటకముందే పట్టుకుంటే అయిదేళ్ళ తర్వాత బతికుండేవాళ్ళు నూటికి దాదాపు తొంభై. దూరపు అవయవాలకు పాకాక ఆ సంఖ్య పదిహేను దరిదాపులకు పడిపోతుంది. అమ్మ ఈ రెండింటి మధ్యన ఎక్కడో ఉంది. రెండో కాగితం నాడు చూసి ఉంటే ఎక్కడ ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్నతో నేను చాలా రాత్రులు గడిపాను, ఇప్పుడు మానేశాను.

ఆపరేషన్ అయ్యాక ఈ అయిదు కాగితాలూ పట్టుకుని మా డాక్టరు దగ్గరకు వెళ్ళాను. పదేళ్ళుగా మా ఇంటిల్లిపాదికీ ఆయనే డాక్టరు. మాటలన్నీ దారి పొడుగునా కూర్చుకుని వెళ్ళాను. కాగితాలు వరసగా పరిచాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, నేను చేసినట్టే వేలు జరుపుకుంటూ వెళ్ళారు, ముందు హిమోగ్లోబిన్ మీదుగా, తర్వాత ఎంసీవీ మీదుగా. బయట ముప్ఫైమంది రోగులు కూర్చుని ఉన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "వీటిని ఎప్పుడూ ఇలా పక్కపక్కన చూడలేదమ్మా" అన్నారు. సాకు చెప్పలేదు. అది నిజం కూడా, ఒక్కో కాగితం ఒక్కో నెలలో ఒక్కో ల్యాబు నుంచి వచ్చింది, మేము కూడా ఎప్పుడూ పాతవి వెంట తీసుకెళ్ళలేదు. కూర్చుకున్న మాటల్లో సగం వాడకుండానే తిరిగొచ్చాను. మిగిలినవే ఈ ఉత్తరం. ఇప్పటికీ ఆయనే మా డాక్టరు.

ఈ ఉత్తరం మొదలుపెట్టాక ఆరో కాగితం వచ్చింది. అమ్మ వేళ్ళకు కాగితం అంచు దొరకలేదు. నేనే తిప్పి చేతిలో పెట్టాను. హిమోగ్లోబిన్ అన్న చోట ఆమె ఆగలేదు, నాలుగైదు వరసలు కిందికి దిగి ఎంసీవీ వెతుక్కుంది. 88. "దీని పక్కన పాతది రాసి పెట్టు" అంది.

ఇట్లు
ఒక రోగి కూతురు